సరంగు చలవ: ఓడకొలువులలో పక్షపాతమును లెక్కగట్టుట

గోదావరి కాలువల లాకులకడను, గట్లమీదను కాపలా తిరుగు చిరుద్యోగిని నేటికిని 'లస్కరు' అనియే పిలుచుచున్నారు. ఆ పేరు కాలువగట్టున పుట్టినది కాదు. పారసీకమున సైన్యమను అర్థముగల 'లష్కర్' నుండి బయలుదేరి, పోర్చుగీసువారి నోట నలిగి, ఐరోపా ఓడలపై కూలికి కుదిరిన ఆసియా నావికునకు అది పేరైనది. సరంగు, టండేలు, కళాసీ మొదలగు ఓడమాటలును అట్లే ఒడ్డెక్కి తెలుగున స్థిరపడినవి. మాటలు వచ్చినంత సులువుగ ఆ కొలువులు తెలుగువారికి దక్కెనా యనునది వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్న యానాం ప్రాంతీయులకు దూరమైనది కాదు. యానామునకు సరసనున్న కోరంగి 18వ శతాబ్దమునను, 19వ శతాబ్ద పూర్వార్ధమునను ఓడలు కట్టు రేవుగ, మరమ్మతుల రేవుగ తూర్పుతీరమున పేరుమోసినది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని దెబ్బతీసినవి. నదీముఖమున ఇసుక మేటవేయుటతో వ్యాపారము కాకినాడకు తరలినది. బర్మాలో తెలుగువారిని, ఊరేదైనను, 'కోరంగీలు' అని పిలుచుటకు కారణము ఆ రేవే. తాళ్ళరేవున కొయ్యయోడలు కట్టు విద్య 20వ శతాబ్దములోనికిని నడచివచ్చినది. ఇట్టి తీరమున నావికులకు కొదువ యుండెననుటకు వీలులేదు. అయినను బ్రిటిషు ఆవిరియోడల కంపెనీలు వేలకొలది భారతీయులను కొలువులో నుంచుకొన్న కాలమున (1914 నాటికి వారు సుమారు 50 వేలు) వారి స్వస్థలములుగ చరిత్రకారులు ప్రధానముగ పేర్కొనునవి వేఱు సీమలు. బొంబాయి రేవున డెక్కుపనికి రత్నగిరి, గుజరాతు తీరములవారు, ఇంజనుగదికి పంజాబీలు, పఠానులు, భోజనశాలకు గోవావారు. కలకత్తా రేవున నవఖాలి, చిట్టగాంగు, సిల్హెట్టు జిల్లాలవారు. గోదావరి, విశాఖపట్టణము జిల్లాల పేర్లు ఆ ముందువరుసలో లేవు. దీనికి సరంగుల పక్షపాతమే కారణమా, లేక మఱియొకటియా? ఊహతో చెప్పుట సులభము. లెక్కతో చెప్పుట కష్టము. ఆ కష్ట మెట్టిదో విచారింపవలసి యున్నది.

ముందు పద్ధతిని చూడవలెను. ఓడ కెప్టెను కళాసీలను ఒక్కొక్కరిగ ఏరుకొనువాడు కాడు. అతడు సరంగును కుదుర్చుకొనును. సరంగు తన జట్టును తెచ్చును. డెక్కున కొక సరంగు, ఇంజనుగదికి వేఱొక సరంగు, వడ్డనపనివారికి బట్లరు. వీరుగాక రేవుపేటలో 'ఘాటు సరంగు' అనువా డుండెను. ఇతడు ఓడ యెక్కడు. బస నడపును, పనికై ఎదురుచూచువారికి అప్పుమీద తిండి పెట్టును, ఓడ కుదిరిననాడు వారి బయానానుండి ఆ అప్పును వడ్డీతో రాబట్టుకొనును. దలారి, ఘాటు సరంగు, ఓడ సరంగు, ఈ మువ్వురి చేతులును తడిసినగాని కళాసీ ఓడమెట్టు తొక్కలేడు. సరంగు మాత్రము చేయి తడుపకుండ సరంగైనాడా? తాను దలారికి ఇచ్చుకొన్నది తన జట్టువద్ద రాబట్టుకొనుట అతనికి ఆనవాయితీ. తెలుగున 'మామూలు' అను మాటకు గల రెండర్థములును ఇచ్చట ఒక్కటైనవి. గోవావారు మాత్రము బొంబాయిలో ఊరి కొకటిగ 'కూడు'లను వసతిగృహములు పెట్టుకొని, ఎదురుచూచు దినములను తమవారి నడుమ గడుపుకొనిరి.

1920లో జెనోవా నగరమున సమావేశమైన అంతర్జాతీయ కార్మిక సమ్మేళనము నావికులకు పని చూపుటకై లాభాపేక్షతో రుసుము గుంజుటను నిషేధించు ఒడంబడికను ఆమోదించినది. దానిని భారతదేశమున ఎట్లు అమలుజరుపవచ్చునో పరిశీలించుటకు 1922లో క్లో అధ్యక్షతన ఒక సంఘము కూర్చుండెను. 1931లో వెలువడిన విట్లీ కమిషను నివేదికయు ఈ లంచముల బెడదను చర్చించినది. పనులకన్న పనివారు ఎన్నో రెట్లుండుటయే దానికి మూలమని నాటి పరిశీలకు లెల్లరును గుర్తించిరి. నావికుల కష్టములను గూర్చి 1940లో 'మారిటైమ్ లేబర్ ఇన్ ఇండియా' అను గ్రంథమును వ్రాసిన దినకర దేసాయి కన్నడదేశీయుడు. కన్నడిగులు ఆయనను 'చుటుక' కవిగా నెఱుగుదురు. నాలుగు పాదములలో నవ్వించు కవియే బొంబాయి రేవున నావికుల సంఘమును నడపి, వారి జీతముల లెక్కలు కట్టెనని కర్ణాటకమున స్థిరపడిన తెలుగువారిలో సైతము కొందఱే యెఱుగుదురు.

కంపెనీల వాదము వేఱు. సరంగు తన ఊరివారిని తెచ్చుట పక్షపాతము కాదు, పూచీ యని వారనిరి. తాను ఎఱిగినవాని బలమును, బుద్ధిని సరంగు ఎఱుగును. వాడు నడుమ పాఱిపోయిన ఊరిలో సరంగు పరువు పోవును. తుపానులో అరచిన అరపు జట్టునకు అర్థమగు భాషలో నుండవలెను. ఈ వాదమును లాభమెఱిగిన యజమానులే చేసిరి గనుక తోసిపుచ్చవచ్చునని తోచును. కాని దానియందు కొంత సత్యమున్నది. ఎఱిగినవానిని కుదుర్చుట యెంత, మామూలు ఇచ్చినవానిని కుదుర్చుట యెంత అని విడదీయుటయే అసలు సమస్య. కంటికి రెండును ఒక్కటే: సరంగు ఊరివారు ఓడపై నున్నారు.

గణాంకశాస్త్రము ఇచ్చట ఏమి చేయగలదో ఒక ఊహాలెక్కతో చూపవచ్చును. ఒక రేవున 400 మంది పనికై నిలిచిరి, 100 పనులున్నవి, నిలిచినవారిలో సరంగు ఊరివారు 40 మంది యనుకొందము. చీట్లు వేసి తీసినచో ఆ ఊరివారికి సుమారు 10 పనులు రావలెను. చీట్లాటలో హెచ్చుతగ్గులు సహజము. కాని ఆ ఊగిసలాటకును కొలత కలదు. ప్రామాణిక విచలనమను ఆ కొలత ఇచ్చట 2.6. ఊరివారికి 28 పనులు దక్కెననుకొన్నచో, రావలసినదానికన్న 18 హెచ్చు. అనగా విచలనమునకు దాదాపు ఏడింతలు. అదృష్టమను మాట అంతటితో కొట్టువడును. కాని పక్షపాతమను మాట అప్పుడే నిలువదు. ఆ ఊరివారు అనుభవశాలు రేమో చూడవలెను. 400 మందిలో పూర్వము సముద్రయానము చేసినవారు 160 మంది, వారిలో ఊరివారు 30 మంది. 100 పనులలో 70 అనుభవజ్ఞులకు, 30 కొత్తవారికి పోయినవి. ఇప్పుడు వేర్వేఱుగ లెక్కించినచో ఊరివారికి అనుభవజ్ఞుల పనులలో 13, కొత్తవారి పనులలో 1, వెరసి 14కు కొంచెము పైగా రావలెను. హెచ్చుగా కనబడిన 18లో అనుభవము నాలుగింటికి మాత్రమే సమాధానము చెప్పినది. మిగిలిన 13కు పైబడినది ఈ రెండవ లెక్కలోని విచలనమునకు ఇంకను అయిదింతలు. వయస్సు, భాష, దేహదారుఢ్యము, పూర్వపు యోగ్యతాపత్రములు అను ఇతర భేదములను కూడ ఇట్లే ఒక్కొక్కటిగ పట్టికలో చేర్చి, మిగులును చూచుచు పోవలెను. అన్ని న్యాయమైన కారణములను తీసివేసిన పిదపకూడ కరగని శేషమేది కలదో అదే పక్షపాతమునకు అంచనా. చేర్చని కారణ మొక్కటి యున్నను శేషము తప్పగునని మఱువరాదు.

ఈ లెక్కలోని తర్కము గమనింపదగినది. పక్షపాతము లేదనియే ముందు ఒప్పుకొని, ఆ ఒప్పుదలపై రావలసిన సంఖ్యను కట్టి, వాస్తవము దానినుండి ఎంత తొలగినదో చూచుట. 'స్కోరు పరీక్ష' యను పేర 1948లో ఈ తర్కమునకు సర్వసామాన్యమైన రూపమిచ్చినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920లో నేటి కర్ణాటకములోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కొలువు వెదకుకొనుచు కలకత్తా చేరి, ఆ కొలువు దొరకక గణాంకశాస్త్ర సంస్థలో అడుగుపెట్టినవాడు. 2023లో కీర్తిశేషుడైన ఆ మహాశయుడు ఓడల జోలికి పోయినవాడు కాడు. కాని పైని రెండు తరగతులుగ విడదీసి కూడిన లెక్క ఆయన సూత్రమునకు సరియైన ఉదాహరణమే.

ఇంతవఱకు సులువుగ నడచిన ఈ లెక్కలో ఒక పెద్ద చిక్కు దాగియున్నది. నిలిచినవారు 400 మంది యని ఎట్లు తెలిసెను? ఊహాలెక్క గనుక తెలిసినది. నిజమైన రేవులలో ఓడ ఎక్కినవాని పేరు, జీతము, ఊరు ఒప్పందపత్రమున వ్రాయబడెను. దిగినపుడు అతనికి 'నల్లీ' యను పత్రము ఇయ్యబడెను. ఘాటున నెలలు నిలిచి కుదరనివానికి ఏ పత్రమును లేదు. కుదిరినవారి పట్టీ ఎంత పెద్దదైనను, ఎంత చక్కగా భద్రపఱుపబడినను, దానినిబట్టి ఒక ఊరివారు హెచ్చుగ నున్నారని మాత్రమే చెప్పవచ్చును. వారు హెచ్చుగ కోరిరా, హెచ్చుగ కోరబడిరా యని చెప్పుటకు వీలులేదు. భాగహారమున లవము దొరకినది, హారము పోయినది. లస్కరుల చరిత్రను విపులముగ వ్రాసిన గోపాలన్ బాలచంద్రన్, రవి అహూజా మున్నగు పండితులు సంఖ్యలకన్న సాక్ష్యములపై, విచారణసంఘముల కాగితములపై హెచ్చుగ ఆధారపడుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

హారము పోయినచోట మఱియొక ప్రశ్న అడుగవచ్చును: పక్షపాతముతో ఎక్కినవాడు పని ఎట్లు చేసెను? ఇట్టి ప్రశ్నకు అన్నిటికన్న పెద్ద సమాధానము బ్రిటిషు రాజనౌకాదళమునుండి వచ్చినది. అచ్చట 1677లో శామ్యూల్ పీప్స్ లెఫ్టినెంటు పదవికి పరీక్ష నేర్పఱచెను. అయినను బంధుబలము పోలేదు. నెల్సను 12 ఏండ్ల ప్రాయమున 1771లో తన మేనమామ సక్లింగు కెప్టెనుగా నున్న ఓడలో చేరెను. 1777లో అతడు లెఫ్టినెంటు పరీక్షకు కూర్చుండినపుడు పరీక్షకులలో ఆ మేనమామ యుండెను. (అంతకు మూడేండ్ల ముందు, 1774లో, 'సీహార్స్' అను ఓడపై పిల్లనావికుడుగ నెల్సను మద్రాసు చూచిపోయినాడు.) అడ్మిరల్ రాడ్నీ 1780లో తన కుమారుని 15 ఏండ్లకే కెప్టెనును చేసెను. చలవ రెండుచోట్లను ఒక్కటే, ఫలములు వేఱు. ట్రఫాల్గరు విజేత యొకడు, తండ్రి పేరుచే మాత్రమే చరిత్రలో నిలిచినవా డొకడు.

ఒకటి రెండు కథలతో తీర్పు చెప్పరాదు గనుక హాన్స్-యోఆఖిం వోట్, గువో షూ అను అర్థశాస్త్రజ్ఞులు 1690 మొదలు 1849 వఱకు పదోన్నతి నొందిన 5,800 మందికి పైబడిన నౌకాధికారుల చిట్టాలను సమకూర్చిరి. పదోన్నతి ఇచ్చిన అడ్మిరలుకును, పొందినవానికిని బంధుత్వమున్నదా యని చూచిరి. పిదప యుద్ధములలో ఆ అధికారు లెట్లు నెగ్గిరో చూచిరి. వచ్చిన ఫలితము లోకాభిప్రాయమునకు విరుద్ధము. సగటున బంధుబలముతో పైకివచ్చినవారే మెఱుగుగ పోరాడిరి. అయితే అడ్మిరలులందఱును ఒక్కతీరు కారు. కొందఱి చలవ దళమునకు మేలు చేసినది, కొందఱిది కీడు చేసినది. మేలు చేసినవారు హెచ్చుగనుండుటచే మొత్తము మీద లాభము తేలినది. సరంగు పూచీని గూర్చి కంపెనీలు చేసిన వాదమునకు ఇది బలమిచ్చునట్లు కనబడును.

కాని ఆ గువో షూయే 2018లో ప్రకటించిన మఱియొక పరిశోధన ఈ తొందరకు కళ్ళెము వేయుచున్నది. బ్రిటిషు సామ్రాజ్యమున వలసరాజ్యముల గవర్నరులను అతడు పరిశీలించెను. లండనులోని మంత్రితో సంబంధముగలవారికి హెచ్చుజీతపు రాజ్యములు దక్కెను. వారు పన్నులు వసూలుచేయుటలో ఇతరులకన్న వెనుకబడిరి. 1930లో మంత్రి చేతినుండి ఆ నియామకాధికారము తొలగిన పిదప ఈ తేడా మాసిపోయినది. ఒకే సామ్రాజ్యము, ఒకే బంధుబలము, ఎదురుబొదురు ఫలములు. అడ్మిరలు తాను పైకితెచ్చినవానితో కలిసి అదే ఫిరంగుల యెదుట నిలువవలెను. మంత్రి లండనులో నుండి మిత్రుని వేల మైళ్ళ దూరము పంపును. తప్పుడు ఎన్నికవలన కలుగు నష్టము ఎన్నుకొన్నవాని నెత్తిన పడినపుడు చలవ వివేకముగ మాఱును. పరుల నెత్తిన పడినపుడు దోపిడియగును. ఈ వివరణము ఆ పరిశోధనలు నిరూపించినది కాదు, వాటిని పక్కపక్కన నుంచినపుడు తోచునది.

ఈ కొలతతో చూచినచో ఓడ సరంగును, ఘాటు సరంగును వేఱు పఱుపవలెను. ఓడ సరంగు తాను తెచ్చిన జట్టుతో సముద్రముమీదికి పోవును. పనిరానివానిని తెచ్చిన తానే తిట్లు తినవలెను. ఘాటు సరంగు ఒడ్డుననే యుండును. అతనికి కావలసినది అప్పు తీఱుట. పనివాడు ఎట్టివాడైనను బయానా ఒక్కటే. నాటి నివేదికలలో ఈ ఇద్దఱును తఱచుగ ఒకే గాటికి కట్టబడుట పొరపాటనియే చెప్పవలెను. లస్కరుల విషయమున దీనిని సంఖ్యలతో తేల్చుటకు యోగ్యతాపత్రములు అక్కఱకు రావు. ప్రయాణాంతమున నడతకును, నేర్పునకును 'మిక్కిలి మంచిది' యను ముద్ర ఇంచుమించు అందఱికిని పడును. అందఱికిని వచ్చు మార్కు ఎవరిని గూర్చియు ఏమియు చెప్పదు.

స్వాతంత్ర్యానంతరము పోయిన హారము దొరకినది. 1950వ దశకమున బొంబాయిలోను కలకత్తాలోను పనిచేసిన నావికోద్యోగ కార్యాలయములు పనికై ఎదురుచూచువారి వరుసపట్టీలను ఉంచసాగెను. 1958 నాటి వర్తకనౌకల చట్టము నావికునికి పని యిప్పించుటకై అతనివద్ద సొమ్ము పుచ్చుకొనుటను నేరము చేసెను. వరుసపట్టీ వచ్చుటతో పక్షపాతమును కొలుచుట యెంతో తేలికయైనది. 12వ వరుసలోని వానికన్న ముందు 41వ వరుసలోనివాడు ఓడ యెక్కినచో అది ఒక గెంతు. గెంతు లెన్నియో లెక్కించి, వైద్యపరీక్షలో తప్పినవారిని, ఓడను తామే కాదన్నవారిని, ప్రత్యేకమైన పనితనము కావలసి పిలువబడినవారిని తీసివేసి, మిగిలినవి ఏ ఊరివారికి, ఏ జిల్లావారికి కూడుకొన్నవో చూడవచ్చును. దిగిననాటినుండి తిరిగి ఎక్కువఱకు గడచిన దినములను పోల్చుట మఱియొక మార్గము. ఇంటిల్లాలికి తెలిసిన కొలత అదే: ఈసారి ఎన్ని నెలలు అప్పుమీద పొయ్యి వెలిగించవలెను? అయితే కంపెనీల సొంత పట్టీలు సామాన్య పట్టీకి వేఱుగ నుండుటచే, పూర్వము సరంగు చలవతో ఒక కంపెనీలో పాతుకొన్నవాడు ఈ కొత్త పద్ధతిలో న్యాయముగనే తన చోటు నిలుపుకొనెను. అట్టివాని విషయమున ఒక్క గెంతును కనబడదు. పాత పక్షపాతము కొత్త హక్కుగ మాఱినచో వరుసపట్టీ దానిని పట్టుకొనలేదు.

నేటి యోడలలో సమస్య రూపు మాఱినది. 2006 నాటి నావికశ్రమ ఒడంబడికను భారతదేశము 2015లో ధ్రువీకరించినది; పని చూపు ఏజెన్సీలకు 2005లోను, 2016లోను నిబంధనలు వెలువడినవి. పెద్ద సరకుయోడపై సైతము నేడు ఇరువది, ఇరువదియైదుగురే యుందురు. చర్చ ఇప్పుడు కెప్టెను వ్రాయు యోగ్యతా నివేదికలపై, పదోన్నతులపై హెచ్చుగ నున్నది. ఒకే నావికుడు పలువురు కెప్టెనుల కింద పనిచేయును. ఒకే కెప్టెను పలువురు నావికులకు మార్కులు వేయును. నావికుని సహజమైన నేర్పును, కెప్టెను సహజమైన ఉదారతను ముందు విడదీసి, ఇద్దఱును ఒకే సీమవా రైనపుడు మాత్రము మార్కు ఎంత పెరుగునో చూచినచో అదే శేషము. ఇరువదిమందిగల ఒక్క ఓడను పట్టుకొని ఈ లెక్కతో ఏ కెప్టెనును దోషి యనరాదు, సంఖ్య చాలదు. నౌకాసముదాయమంతటి యొక్క ఏండ్ల నివేదికలు కావలెను.

తెలుగువారి విషయమునకు మరలినచో, ఈ తూనిక రెండువైపుల తూగవలసియున్నది. రంగూను రేవున సరకు దింపు కూలీలలో తెలుగువారే అధికులు. వారిని తెచ్చినవారు తెలుగు మేస్త్రీలు. తమ ఊళ్ళనుండి, తమ జిల్లాలనుండి, బయానా లిచ్చి, అప్పులలో కట్టి తెచ్చిరి. 1933లో ఇ. జె. ఎల్. ఆండ్రూ రంగూనులోని భారతీయ శ్రామికులను గూర్చి వ్రాసిన పుస్తకము ఈ పద్ధతిని వర్ణించినది. బొంబాయి సరంగు చేసినదే రంగూను మేస్త్రీయు చేసెను. 1930 మే నెలలో తెలుగు కూలీలు సమ్మె కట్టగా బర్మీయులను పనిలోనికి తీసికొనిరి. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి రాగా బర్మీయులను పొమ్మనిరి. మే 26న అల్లరులు చెలరేగెను. ఎందఱో తెలుగు కూలీలు ప్రాణములు కోల్పోయిరి. అప్పటివఱకు ఆ రేవులో పని కోరి దొరకని బర్మీయు లెందఱో ఏ మేస్త్రీ పుస్తకమునను లేదు. మామూలు ఇచ్చి, అప్పులో మునిగి పని పొందిన తెలుగు కూలీ, పొందని బర్మీయుని కంటికి చలవ అనుభవించినవాడుగనే కనబడెను.

కోరంగి నావికుల ప్రశ్నకు సమాధానము మాత్రము పై మార్గములలో దేనికిని పూర్తిగ లొంగదు. బర్మా ప్రయాణము దగ్గర. బొంబాయి, కలకత్తా ఘాటులు దూరము. కోరంగివాడు ఆ ఘాటులకు పోయి త్రోయబడెనా, లేక రంగూను దారి యుండగా అచ్చటికి పోవలసిన పనియే లేకపోయెనా యనునది కుదరనివారి పట్టీ లేనిదే తేలదు. పరోక్షమార్గ మొకటి కలదు. కాకినాడ, విశాఖపట్టణముల రేవులకు దేశవాళీ ఓడలపై వచ్చి పోయిన నావికుల సంఖ్యను, అదే కాలమున బొంబాయి, కలకత్తాల ఒప్పందపత్రములలో తెలుగు ఊళ్ళ పేర్లుగలవారి సంఖ్యను పక్కపక్కన నుంచి, రత్నగిరి, చిట్టగాంగు తీరములతో పోల్చుట. ఆ పత్రములలో ఊళ్ళ పేర్లు గుమాస్తా చెవికి పట్టినట్లు ఇంగ్లీషున వ్రాయబడియుండును. తాళ్ళరేవు, ఇంజరం, నీలపల్లి అను పేర్లను ఆ వ్రాతలలో గుర్తింపగలుగుటకు ఆ తీరమున పుట్టినవారి చెవియే కావలెను.